ఆగితే... అందుకునేదెవరు?

బ్యాంకు ఖాతా, రైలు టికెట్, కరెంటు బిల్లు, నెల జీతం... అన్నీ ఎక్కడో ఓ కంప్యూటర్లో భద్రంగా ఉన్నాయన్న ధీమాతో నిద్రపోతాం. మరి అర్ధరాత్రి ఆ కంప్యూటరే కుప్పకూలితే? దాని బాధ్యతను నిమిషాల్లో అందుకోవడానికి పక్కనే మరొకటి కాచుకుని ఉంటుంది. ఆ జంట యంత్రాల కథ ఇది. వాటి వెనకాల మనుషులు చేసే ఏర్పాట్ల కథ కూడా.

2014 అక్టోబరు 12. ఆదివారం. విశాఖపట్నం.

పొద్దున్నుంచే గాలి హోరు. మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట మధ్య హుద్‌హుద్ తుపాను సరిగ్గా విశాఖ మీదుగా తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల ప్రాంతంలో వీచిన గాలికి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. కరెంటు స్తంభాలు ఒరిగిపోయాయి. సెల్‌టవర్లు మూగబోయాయి. విమానాశ్రయం పైకప్పు ఛిద్రమైంది. మళ్లీ అక్కడ విమానం ఎగరడానికి అయిదు రోజులు పట్టింది. తుపాన్లను కనిపెట్టడానికి కైలాసగిరి మీద పెట్టిన డాప్లర్ రాడార్‌కే ఆ తుపాను దెబ్బ తగిలింది.

మర్నాడు తెల్లవారింది. పాల ప్యాకెట్ల కోసం, మంచినీళ్ల క్యాన్ల కోసం, పెట్రోలు కోసం జనం బారులు తీరారు. ఏటీఎంలు పనిచేయడం లేదు. ఖాతాలో డబ్బుంది. చేతిలో కార్డుంది. జేబులో మాత్రం నోట్లు లేవు! గాజువాకలో ఉన్న అక్కయ్య వాళ్లు ఎలా ఉన్నారో కనుక్కుందామంటే ఫోను కలవదు.

అంత బీభత్సంలోనూ చెక్కుచెదరకుండా ఉన్నది ఒకటుంది. ఖాతాల లెక్క. బ్యాంకులు కోర్ బ్యాంకింగ్‌కు మారాక మన పద్దులు వీధి చివరి శాఖలో ఉండటం మానేశాయి. అవన్నీ ఎక్కడో దూరాన, డేటా సెంటర్ అనే భవనంలోని సర్వర్లలో ఉంటాయి. విశాఖలో కరెంటు వచ్చి, లైన్లు కలిసి, ఏటీఎం తెర వెలగ్గానే నిల్వ ఎంతుండాలో అంతే చూపించింది.

అదేం గొప్ప అనిపించవచ్చు. కానీ ఆ లెక్కను మోసే సర్వర్లు కూడా యంత్రాలే. వాటిలోనూ డిస్కులు చెడిపోతాయి, ఫ్యాన్లు ఆగిపోతాయి, కరెంటు పోతుంది. అయినా లెక్క తప్పకుండా, కౌంటరు ముందు మనిషిని ఎక్కువసేపు నిలబెట్టకుండా ఎలా నెట్టుకొస్తున్నారు?

ఉక్కునగరం చెప్పే పాఠం

ఆగకూడని పనంటే ఏమిటో విశాఖవాసులకు వేరే చెప్పనక్కర్లేదు. ఉక్కు కర్మాగారంలోని కోక్ ఓవెన్ బ్యాటరీలే సాక్ష్యం. బొగ్గును గాలి తగలకుండా వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో మగ్గబెట్టి కోక్‌గా మార్చే పొయ్యిలవి. వాటి లోపలి గోడలు సిలికా ఇటుకలతో కడతారు. ఒకసారి వెలిగించాక ఏళ్ల తరబడి ఆర్పరు. చల్లారనిస్తే ఆ ఇటుకలు పగులుతాయి.

ఇక ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్‌లు మూడు. 1990లో వెలిగిన మొదటిదాని పేరు గోదావరి, 1992లో వచ్చిన రెండోది కృష్ణ, 2012లో తోడైన మూడోది అన్నపూర్ణ. ఒకదాన్ని మరమ్మతుకు ఆపితే మిగతావి పని చూసుకుంటాయి. కరెంటుకు బయటి లైన్లతో పాటు సొంత విద్యుత్కేంద్రం కూడా ఉంది.

ఇన్ని ఉన్నా హుద్‌హుద్ రోజున అక్కడ ఉత్పత్తి ఆగింది. రెండో ఏర్పాటు ఉండటం ఒక ఎత్తు. ఒకే గాలి రెండింటినీ కొట్టకుండా చూసుకోవడం మరో ఎత్తు. సర్వర్లకూ సరిగ్గా ఇదే సూత్రం.

ఆఫీసులో ఒక గుమస్తా సెలవు పెడితే పక్క సీటులోని గుమస్తా ఆయన పని అందుకుంటాడు. సర్వర్లను కూడా అలాగే రెండో, మూడో కలిపి ఒక జట్టుగా కడతారు. దాన్ని క్లస్టర్ అంటారు. జట్టులోని ఒక్కో యంత్రం ఒక్కో నోడ్. ఈ ఏర్పాటు కొత్తదేం కాదు. అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1983లోనే తన వ్యాక్స్ కంప్యూటర్లను ఇలా జట్టు కట్టించింది.

ఆ జట్టు చెయ్యి తగలని తెలుగు కుటుంబం ఉండదేమో! రైలు రిజర్వేషన్ విధానం చాలాకాలం నడిచింది ఆ వంశానికి చెందిన క్లస్టర్ల మీదే. క్రిస్ అనే రైల్వే సంస్థ తయారుచేసిన 'కాన్సర్ట్' సాఫ్ట్‌వేర్ తొలిసారి అమలైంది మన సికింద్రాబాద్‌లో, 1994లో. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు అయిదూ ఒకదానితో ఒకటి అనుసంధానమయ్యాయి. అంతకుముందు వేరే ఊరి నుంచి తిరుగు టికెట్ కావాలంటే ఎంత తతంగమో పెద్దవాళ్లనడిగితే చెబుతారు. విశాఖ కౌంటర్లో నిలబడి ఢిల్లీ నుంచి తిరుగు ప్రయాణానికి బెర్తు ఖాయం చేసుకోవడం ఆ తర్వాతే మామూలు విషయమైంది.

గుండెచప్పుడు వింటూ...

పక్కవాడు సెలవు పెట్టాడని గుమస్తాకు తెలుస్తుంది. మరి పక్క యంత్రం పడిపోయిందని ఇంకో యంత్రానికి తెలిసేదెలా?

జట్టులోని సర్వర్లు క్షణానికోసారి ఒకదానికొకటి చిన్న సందేశం పంపుకొంటూ ఉంటాయి. 'నేను బాగున్నాను' అన్నదే అందులోని కబురు. దీన్ని హార్ట్‌బీట్... అంటే గుండెచప్పుడు అంటారు. నిర్ణీత సమయం దాకా ఆ చప్పుడు వినపడకపోతే అవతలిది పోయిందని రెండోది నిశ్చయించుకుంటుంది.

ఆ సమయం ఎంత పెట్టాలన్నది చిన్న ప్రశ్నలా కనిపించే పెద్ద ప్రశ్న. మరీ తక్కువ పెడితే పని ఒత్తిడిలో ఓ క్షణం ఉలుకూపలుకూ లేకుండా ఉన్న యంత్రాన్ని పోయినట్లే లెక్కగట్టేస్తుంది. మరీ ఎక్కువ పెడితే నిజంగా పోయినప్పుడు కౌంటర్ల ముందు జనం నిలబడాల్సిందే. అందుకే దీన్ని అంచనాతో పెట్టరు. పని ఎక్కువగా ఉన్న రోజున యంత్రం ఎంత మందగిస్తుందో కొలిచి మరీ పెడతారు.

గుండెచప్పుడు వెళ్లే దారి కూడా ఒకటే ఉండకూడదు. కనీసం రెండు వేర్వేరు తీగలు, రెండు వేర్వేరు స్విచ్‌ల గుండా వెళ్లాలి. లేదంటే ఊడ్చేటప్పుడు ఎవరి కాలికో తగిలి ఊడిన ఒక్క కేబుల్ చాలు, నిక్షేపంలాంటి సర్వర్ 'చనిపోవడానికి'!

మూట కట్టడంలోనే ఉంది

అసలు పనితనం ఇక్కడుంది. యంత్రం పడిపోయినప్పుడు పక్క యంత్రానికి బదిలీ కావాల్సింది ఏమిటి? డేటాబేస్ ఒక్కటే వెళ్తే చాలదు. దానికి కావలసిన సరంజామా అంతా వెళ్లాలి. అద్దె ఇల్లు మారేటప్పుడు మంచాలు, బీరువాలు తీసుకెళ్లి గ్యాస్ సిలిండర్ మర్చిపోతే ఆ రాత్రి వంట లేనట్టే కదా!

ఆ సరంజామా మూటనే క్లస్టర్ల భాషలో 'ప్యాకేజీ' అంటారు. హెచ్‌పీ కంపెనీ యూనిక్స్ సర్వర్ల కోసం తెచ్చిన సర్వీస్‌గార్డ్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఈ మాట బ్యాంకుల్లో, టెలికాం సంస్థల్లో బాగా వాడుకలోకి వచ్చింది. లినక్స్ క్లస్టర్లలో దీన్నే రిసోర్స్ గ్రూప్ అంటారు. పేరేదైనా మూటలో ఉండేవి దాదాపు అవే.

మొదటిది డిస్కులు. డేటా సర్వర్ లోపల ఉండదు. రెండు సర్వర్లకూ తీగలతో కలిపిన ఉమ్మడి డిస్కుల అరలో ఉంటుంది. ఒక సమయంలో ఒక్క సర్వరే దాన్ని తెరవాలి. రెండోది చిరునామా. ఈ ఐపీ చిరునామా ఏ ఒక్క యంత్రానికీ సొంతం కాదు, మూటకు సొంతం. మూట ఎక్కడికి వెళ్తే చిరునామా అక్కడికే వెళ్తుంది. అందుకే కౌంటర్లో కూర్చున్న ఉద్యోగి కంప్యూటర్‌కు సర్వర్ మారిన సంగతే తెలియదు. మూడోది డేటాబేస్‌ను లేపే, నిద్రపుచ్చే ఆదేశాల పట్టిక. నాలుగోది కాపలాదారు. డేటాబేస్ బతికే ఉందా, అడిగినదానికి బదులిస్తోందా అని ఎప్పటికప్పుడు చూస్తుండే చిన్న ప్రోగ్రాం.

వీటికి ఒక వరస ఉంది. ముందు డిస్కులను తన అధీనంలోకి తెచ్చుకోవాలి. తర్వాత ఫైళ్లలో తేడాలేమైనా ఉన్నాయా అని చూసి తెరవాలి. ఆపైన చిరునామా తగిలించుకోవాలి. అప్పుడు డేటాబేస్‌ను లేపాలి. చివరగా కాపలాదారును నిలబెట్టాలి. ఆపేటప్పుడు సరిగ్గా దీనికి తలకిందులు. డేటాబేస్ ఇంకా రాస్తుండగా డిస్కు లాగేస్తే అన్నం తింటున్నవాడి ముందు నుంచి విస్తరి లాగినట్టే.

పొరపాట్లు జరిగేది కూడా ఈ మూట కట్టేటప్పుడే. మొదటి సర్వర్‌లో డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌కు కొత్త ప్యాచ్ వేస్తారు, రెండోదానికి వేయడం మర్చిపోతారు. ఒకదాంట్లో ఒక సెట్టింగ్ మారుస్తారు, రెండోదాంట్లో పాతదే ఉండిపోతుంది. డేటాబేస్‌ను మూట స్థిరచిరునామాకు కాకుండా మొదటి యంత్రం సొంత చిరునామాకు ముడిపెడతారు. అన్నిటికన్నా ప్రమాదకరమైనది మరొకటి... సర్వర్ ఆన్ చేయగానే డేటాబేస్ దానంతటదే లేచేలా పెట్టడం. క్లస్టర్‌కు చెప్పకుండా డేటాబేస్ లేస్తే దాని లెక్కలన్నీ తారుమారు!

ఇవేవీ మామూలు రోజుల్లో బయటపడవు. మొదటి సర్వర్ ఏళ్ల తరబడి చక్కగా నడుస్తుంది. అది పడిపోయిన రాత్రే రెండోది లేవడానికి మొరాయిస్తుంది. పెట్టెలో మడతపెట్టి ఉంచిన గొడుగు వాన వచ్చాక గానీ చిరిగిందని తెలియనట్టు.

చిట్టా... ఆవర్జా

సరే, సర్వర్ పడిపోయింది. సరిగ్గా ఆ క్షణానే ఎవరో అయిదు వేలు బదిలీ చేస్తున్నారనుకుందాం. ఇటు ఖాతాలో తగ్గాయి, అటు ఖాతాలో ఇంకా చేరలేదు. ఆ డబ్బు గాలిలో కలిసినట్టేనా?

మన వ్యాపారులకు ఈ సమస్య వందల ఏళ్ల నాడే తెలుసు. అందుకే రెండు పుస్తకాలు పెట్టారు. జరిగిన లావాదేవీని జరిగినట్టుగా వెంటనే రాసుకునేది చిట్టా. తర్వాత తీరిగ్గా ఎవరి ఖాతాలోకి వారిది ఎక్కించేది ఆవర్జా. డేటాబేస్‌లూ అచ్చం ఇదే చేస్తాయి. ప్రతి మార్పునూ ముందు లాగ్ అనే చిట్టాలో రాస్తాయి. అది డిస్కు మీద పడ్డాకే 'అయింది' అని కౌంటరుకు చెబుతాయి.

రెండో సర్వర్ లేవగానే చేసే మొదటి పని ఆ చిట్టా చదవడం. పూర్తయినట్టు రాసున్నవన్నీ ఆవర్జాలోకి ఎక్కిస్తుంది. సగంలో ఆగినవాటిని కొట్టేస్తుంది. కాబట్టి అయిదు వేలు రెండు వైపులా చేరనైనా చేరతాయి, లేదా ఎక్కడివక్కడే ఉంటాయి. మధ్యలో వేలాడవు. ఫెయిలోవర్... అంటే ఒక యంత్రం నుంచి మరోదానికి పని మారడానికి కొన్నిసార్లు నిమిషాలు పట్టేది ఈ చిట్టా చదువుకోవాల్సి రావడం వల్లే.

ఆ మాత్రం సమయం కూడా వద్దనుకునేవాళ్లకు వేరే దారి ఉంది. రెండు సర్వర్లూ ఒకే డేటాబేస్‌ను ఒకేసారి తెరిచి పనిచేసే పద్ధతి. ఒరాకిల్ సంస్థ 2001లో తన 9ఐ డేటాబేస్‌తో 'ర్యాక్' పేరిట దీన్ని తెచ్చింది. ఖర్చు ఎక్కువ, నిర్వహణ కష్టం. ఏది ఎవరికి అవసరమో తేల్చుకోవడమే నేర్పు.

ఒక ఒరలో రెండు కత్తులు

గుండెచప్పుడు వినపడలేదు. అవతలిది పోయిందని ఇవతలిది పెత్తనం చేతిలోకి తీసుకుంది. తీరా చూస్తే అవతలిది పోలేదు. మధ్యలో తీగ మాత్రమే తెగింది! ఇప్పుడు ఇద్దరూ 'నేనే యజమానిని' అనుకుంటారు. ఇద్దరూ ఒకే పుస్తకంలో రాయడం మొదలుపెడతారు. క్లస్టర్లు కట్టేవాళ్లకు నిద్ర పట్టనివ్వని పీడకల ఇదే. దీని పేరు స్ప్లిట్ బ్రెయిన్. యంత్రం పడిపోతే పోయేది కాసేపటి పని. ఇది జరిగితే పోయేది లెక్కే.

ప్రపంచంలోని సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు తమ ప్రోగ్రాములను దాచుకునే గిట్‌హబ్‌కు 2018 అక్టోబరు 21న ఇలాంటి అనుభవమే ఎదురైంది. మరమ్మతులో భాగంగా అమెరికా తూర్పు తీరంలో ఒక లింకు తెగి, 43 సెకన్లలో మళ్లీ కలిసింది. ఆ 43 సెకన్లలోనే క్లస్టర్ సాఫ్ట్‌వేర్ పశ్చిమ తీరంలోని డేటాబేస్‌లకు పెత్తనం కట్టబెట్టింది. లింకు తిరిగొచ్చేసరికి తూర్పున ఉన్న కొన్ని రాతలు పశ్చిమాన లేవు, పశ్చిమాన పడ్డవి తూర్పున లేవు. రెండు పుస్తకాలనూ సరిపోల్చి సేవలను పూర్తిగా గాడిన పెట్టడానికి పట్టిన సమయం 24 గంటల 11 నిమిషాలు. తొందరపడి తెరిచేకంటే ఆలస్యమైనా లెక్క సరిచూసుకోవడమే మేలని ఆ సంస్థ నిర్ణయించుకుంది.

ఇలా జరక్కుండా ఓ మధ్యవర్తిని పెడతారు. ఇద్దరు అన్నదమ్ములకు మాట కుదరనప్పుడు ఊరిపెద్ద చెప్పిందే తీర్పు అయినట్టు. ఆ మధ్యవర్తి మూడో సర్వర్ కావచ్చు, లాక్ డిస్క్ అనే ప్రత్యేక డిస్కు కావచ్చు. లింకు తెగినప్పుడు రెండూ అక్కడికి పరుగెత్తుతాయి. ముందు చేరిందే యజమాని. రెండోది మారుమాట్లాడకుండా తనను తాను ఆపేసుకుని మళ్లీ మొదటి నుంచి లేవాలి. కొన్ని క్లస్టర్లలో గెలిచింది ఓడినదాని కరెంటే తీసేయిస్తుంది. వినడానికి కర్కశంగా ఉన్నా, కోట్ల పద్దులను కాపాడేది ఆ కర్కశత్వమే.

పడిపోయిన యంత్రం కోలుకున్నా వెంటనే పని దానికి తిరిగి అప్పగించరు. ఎందుకు పడిందో తెలుసుకుని, బాగుచేసి, రద్దీ లేని వేళ చూసి మనిషే మూటను వెనక్కి పంపుతాడు. లేకపోతే అది పడటం, లేవడం, పని లాక్కోవడం, మళ్లీ పడటం... కౌంటర్లో ఉన్నవాళ్లకు నరకం.

జంట ఉంది కదా అని...

రెండు సర్వర్లున్నాయి, ఒకదాంట్లో రాసింది రెండోదాంట్లో కూడా వెంటనే పడుతోంది, ఇక బ్యాకప్ దేనికి అనుకునేవాళ్లున్నారు. అద్దంలో బొమ్మ మనిషికి ప్రాణరక్షణ కాదు. పొరపాటున చెరిపేస్తే రెండోదాంట్లోనూ అంతే వేగంగా చెరిగిపోతుంది.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో జరిగింది ఇంజినీర్లు ఇప్పటికీ కథలా చెప్పుకొంటారు. నకలు సర్వర్‌ను సరిచేస్తున్నాననుకుంటూ ఒక ఇంజినీరు అసలు సర్వర్‌లోని డేటాను చెరిపేశారు. తప్పు తెలుసుకుని ఆపేలోగా దాదాపు 300 గిగాబైట్లు పోయాయి. బ్యాకప్‌లు తెరిచి చూస్తే అవీ లేవు! డేటాబేస్ 9.6 వెర్షన్‌లో నడుస్తుంటే బ్యాకప్ తీసే ప్యాకేజీ 9.2 వెర్షన్‌ది. రెండూ పొసగక బ్యాకప్ ఎప్పటికప్పుడు విఫలమవుతూ వచ్చింది. విఫలమైందని చెప్పే మెయిళ్లు కూడా చేరాల్సినవాళ్లకు చేరలేదు. ఆ ఇంజినీరు వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిపెట్టిన ఓ నకలు ఉండబట్టి సరిపోయింది. ఆ ఆరు గంటల సమాచారం మాత్రం తిరిగి రాలేదు.

విశేషమేమంటే ఆ సంస్థ దీన్ని దాచుకోలేదు. డేటాను తిరిగి తెచ్చే పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది. పొరపాటు చేసిన ఇంజినీరును బలిచేయకుండా ఏర్పాట్లలో లోపమెక్కడుందో వెతికింది.

ఊరికి ఊరే ఆగితే?

గదిలో ఒక యంత్రం పోతే పక్క యంత్రం ఉంది. గదే మునిగితే? ఊరే చీకటైతే? అందుకే మరో ఊళ్లో మరో కేంద్రం. దాన్ని డిజాస్టర్ రికవరీ సెంటర్ అంటారు. భూకంపమో, తుపానో ఒకేసారి రెండింటినీ తాకనంత దూరంలో ఉండాలి. దూరం పెరిగేకొద్దీ మరో చిక్కు. అక్కడి పుస్తకంలో పడ్డాకే 'అయింది' అందామంటే ప్రతి లావాదేవీ నెమ్మదిస్తుంది. పడకముందే అనేద్దామంటే ప్రమాదం వచ్చిన క్షణాన చివరి కొన్ని పద్దులు అక్కడికి చేరి ఉండకపోవచ్చు. ఎంతసేపు ఆగగలం, ఎన్ని పద్దులు పోగొట్టుకోగలం... ఈ రెండు ప్రశ్నలకు జవాబు ముందే రాసిపెట్టుకోవాలి.

అన్నీ ఉన్నా ఏమవుతుందో 2021 ఫిబ్రవరి 24న దేశమంతా చూసింది. ఆ రోజు ఉదయం 11.40కి నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీలో లావాదేవీలు ఆగిపోయాయి. ముంబయిలోని రెండు కేంద్రాలను కలిపే టెలికాం లింకులు రెండు కంపెనీలవి. ఒకటి పోతే ఇంకోటి అన్నదే ఆలోచన. కానీ ఆ దారి పొడవునా జరిగిన తవ్వకాల పుణ్యమా అని ఇరు కంపెనీల లింకులూ దెబ్బతిన్నాయి. దాంతో డేటా నిల్వ వ్యవస్థ మొరాయించింది. దూరాన ప్రత్యామ్నాయ కేంద్రం ఉన్నా అక్కడికి మారలేదు. మధ్యాహ్నం 3.45కి గానీ మార్కెట్ తెరుచుకోలేదు. ఆ రోజు సాయంత్రం అయిదింటి దాకా నడపాల్సి వచ్చింది.

నెల తిరగకుండానే సెబీ నిబంధనలు బిగించింది. కీలక వ్యవస్థ ఆగితే 30 నిమిషాల్లోగా దాన్ని విపత్తుగా ప్రకటించాలి, అక్కడి నుంచి 45 నిమిషాల్లోగా పని మళ్లీ మొదలవ్వాలి, పోయే సమాచారం 15 నిమిషాలది మించకూడదు అంది. 'ఇంకాసేపు చూద్దాం' అన్న మనిషి స్వభావానికి గడియారంతో ముకుతాడు వేసిందన్నమాట.

తొమ్మిదుల లెక్క

సేవ ఎంత నమ్మకంగా అందుతోందో చెప్పడానికి ఇంజినీర్లు తొమ్మిదులు లెక్కపెడతారు.

99 శాతం అంటే బ్రహ్మాండంగా అనిపిస్తుంది. కానీ ఏడాదిలో మూడున్నర రోజులకు పైగా సేవ ఆగినట్టు.
99.9 శాతం అంటే ఏడాదికి దాదాపు 8 గంటల 46 నిమిషాలు.
99.99 శాతం అంటే సుమారు 53 నిమిషాలు.
99.999 శాతం అంటే 5 నిమిషాల 15 సెకన్లు. ఒక ఫిల్టర్ కాఫీ తాగేంత సమయం... అదీ ఏడాది మొత్తానికి!

ఒక్కో తొమ్మిది పెరిగేకొద్దీ ఖర్చు కొండలా పెరుగుతుంది. అందుకే అందరికీ అన్ని తొమ్మిదులు అక్కర్లేదు. ముందే చెప్పి ఆపుకొనే వీలుంటే మరీ మంచిది. రాత్రి 11.45 నుంచి 12.20 దాకా ఐఆర్‌సీటీసీలో టికెట్లు దొరకని సంగతి చాలామందికి అనుభవమే. జనం నిద్రపోయే వేళ చూసి రిజర్వేషన్ వ్యవస్థ తేదీ మార్చుకుని, లెక్కలు సర్దుకునే విరామమది.

మళ్లీ విశాఖకు...

హుద్‌హుద్ తర్వాత విశాఖ ఓ పాఠం నేర్చుకుంది. లెక్కలు ఎక్కడో భద్రంగా ఉన్నా వాటిని ఇంటి దాకా తెచ్చే తీగ తెగితే ఒకటే. ఎన్ని తొమ్మిదులున్న సర్వరైనా వీధి చివర కరెంటు స్తంభం ఒరిగితే చీకటి తెరే! అందుకే ప్రపంచబ్యాంకు సాయంతో 2015లో మంజూరైన విపత్తు పునరుద్ధరణ పథకం కింద నగరంలో కరెంటు తీగలను భూమిలోకి దించే పని చేపట్టారు. ఈసారి గాలి వచ్చినా తెగడానికి పైన తీగ ఉండకూడదన్నది ఆలోచన.

ఇప్పుడు ఆ నగరానికే కొత్త బాధ్యత వస్తోంది. విశాఖలో కృత్రిమ మేధ కేంద్రం, గిగావాట్ స్థాయి డేటా సెంటర్లు, వాటితో పాటు సముద్రగర్భ కేబుళ్ల కూడలి నెలకొల్పుతామని గూగుల్ 2025 అక్టోబరు 14న ప్రకటించింది. అయిదేళ్లలో పెట్టే పెట్టుబడి 1500 కోట్ల డాలర్లు. 1933లో ఓడరేవు తెరుచుకున్ననాడు ఖనిజాలు, సరకుల కోసం ఓడలు వచ్చాయి. ఇకపై అదే తీరానికి సమాచారం ఒడ్డు చేరబోతోంది. హుద్‌హుద్ రోజున దూరంగా ఉన్న లెక్కలను అందుకోలేక ఇబ్బందిపడ్డ ఊరు, రేపు దూరాన ఉన్నవాళ్ల లెక్కలను తన దగ్గర దాచిపెట్టబోతోంది. తుపాన్లు మాత్రం దారి మార్చుకోవు. బంగాళాఖాతం ఏటా తన పని తాను చేసుకుపోతుంది.

కాబట్టి ఇక్కడ కట్టే ప్రతి యంత్రానికీ వేయాల్సిన ప్రశ్న ఒకటే... ఇది ఆగితే అందుకునేదెవరు? సమాధానం కాగితం మీద ఉంటే చాలదు. పని సవ్యంగా నడుస్తున్న రోజునే, రద్దీ లేని వేళ చూసి, కావాలని ఒక సర్వర్ ఆపి చూడాలి. రెండోది లేచిందా, ఎంతసేపట్లో లేచింది, మూటలో ఏం మర్చిపోయాం... రాసుకోవాలి. ఆరు నెలలకోసారి మళ్లీ చేయాలి. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వే అలవాటు ఈ పనిలో కుదరదు.

అలాంటి కసరత్తు జరిగిన రాత్రి ఏ ఊళ్లోనైనా ఓ సర్వర్ గదిలో ఇద్దరు ముగ్గురు ఇంజినీర్లు తెర వంక ఊపిరి బిగబట్టి చూస్తుంటారు. ఓ బొత్తాం నొక్కుతారు. ఒక యంత్రం దీపాలు ఆరిపోతాయి. రెండో యంత్రం డిస్కులు అందుకుంటుంది, చిట్టా చదువుతుంది, చిరునామా తగిలించుకుంటుంది. పనంతా సవ్యంగా సాగితే మర్నాడు పేపర్లో వార్త ఉండదు. కౌంటర్ దగ్గరా ఎవరూ ఏమీ గమనించరు.

పొద్దున్నే పాల ప్యాకెట్ డబ్బులు ఫోన్లో చెల్లించి ఇల్లాలు వంటింట్లోకి వెళ్లిపోతుంది. రాత్రి తన లెక్క ఒక యంత్రం చేతి నుంచి మరో యంత్రం చేతికి మారిందని ఆమెకు తెలియదు. తెలియకపోవడమే వాళ్ల విజయం.